ఇద్దరికి రెండు రోజులు

మా అమ్మాయి జర్మనీ నుంచి పంపిన కాగితం మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండోసారి చదివితే ఎందుకో కళ్ళు చెమర్చాయి. మూడోసారి మావారికి చదివి వినిపించాను. ఆయన లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన 'ఊఁ'లకు నేనొక నిఘంటువు రాయగలను. ఇది "విన్నాను, ఇక చాలించు" అనే ఊఁ.

కాగితమంటే నిజంగా కాగితం కాదనుకోండి, ఫోన్లో వచ్చిందే. 2025 డిసెంబరుకి మా పెళ్ళయి పాతికేళ్ళు నిండుతాయి. ఆ వేడుకకి అమ్మానాన్నలిద్దరూ తన దగ్గరికి రావాలనీ, వచ్చాక తన గదిలో కూర్చుని తనకి వంట చేసి పెట్టకుండా, ఇద్దరే హైడల్‌బర్గ్ అనే ఊరికి వెళ్ళి రెండు రోజులుండి రావాలనీ అది నిర్ణయించేసింది. అది చదువుకునే మాన్‌హైమ్ నుంచి ఆ ఊరు రైల్లో ఇరవై నిమిషాలేనట. ఇక పట్టిక చూడాలి! శనివారం పొద్దున నెకర్ నది మీద పాత వంతెన దాటడం. 1788లో కట్టిన రాతి వంతెన అది. 1945లో యుద్ధం ఆఖర్న జర్మన్ సైన్యమే దాన్ని పేల్చేసుకుంటే, ఊరివాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. ఆ తర్వాత కొండమీదికి పాకే రైలెక్కి పాడుబడ్డ కోటకి వెళ్ళడం. కోటలో రెండు లక్షల లీటర్లకు పైగా పట్టే ద్రాక్షసారా పీపాని దర్శించడం. సాయంత్రం క్రిస్మస్ సంత. ఆదివారం నది అవతలి కొండవాలున 'తాత్వికుల బాట' అని ఒకటుందట, దానిమీద నడవడం. ఆ గడిలో ప్రత్యేకంగా రాసింది: 'చేతిలో చెయ్యి వేసుకుని.'

"అంత పెద్ద పీపా చూడ్డానికి అంత దూరం పోవాలా? మన యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీ చూపిస్తాను రమ్మను" అన్నారు మావారు. చేతిలో చెయ్యి సంగతి మాత్రం ఎత్తలేదు.

మావారిది ఖమ్మం మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారం. సంక్రాంతి దాటిందంటే ఇక మనిషి మనకి దక్కడు. పొద్దున్నే జెండా పాట, మధ్యాహ్నం కాంటాలు, రాత్రి పద్దులు. ఇంటికి వచ్చేది ఆయన చొక్కా ముందా, ఆయన ముందా అన్నట్టు ముందు ఘాటు వస్తుంది. నాకు రెండు తుమ్ములొస్తాయి. అప్పుడు తలుపు తీస్తాను. వేసవి దాకా ఇంతే. వానాకాలంలో తీరిక ఉంటుంది గానీ అప్పుడు గోదావరి ఊళ్ళ మీద పడుతూ ఉంటుంది, ఎక్కడికి పోతాం? అందుకని మా ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళకూ, కర్మలకూ మాత్రమే జరిగాయి.

అమ్మాయి అంటుంది గదా, అక్కడ ఆలుమగలు శుక్రవారం సాయంత్రం చెరో సంచీ భుజాన వేసుకుని ఏదో ఒక ఊరికి పోతారట. ఆదివారం రాత్రికి వచ్చేస్తారట. అత్తగారిని అడగరు, పక్కింటికి తాళం చెప్పరు. మనకి దంపతుల ప్రయాణం రెండే రకాలు. పెళ్ళయిన కొత్తలో అయితే ఊరంతా ముసిముసిగా నవ్వుకునే రకం. నలభై దాటాక అయితే తీర్థయాత్ర. దానికి కనీసం పధ్నాలుగు మంది ఉండాలి. నడిమధ్య వయసున్న మొగుడూ పెళ్ళాం ఊరికే, ఏ పనీ లేకుండా, ఇద్దరే వెళ్ళారంటే ఏ డాక్టరు దగ్గరికో, లేకపోతే వకీలు దగ్గరికో అనుకుంటారు.

అయినా నేను ఆశపడ్డాను. నవలల్లో నాయికా నాయకులను ఊటీ పంపాను, సిమ్లా పంపాను, ఒకసారి తెలియక ఎండాకాలంలో కాశ్మీరంలో మంచు కూడా కురిపించాను. నేను మాత్రం హైదరాబాదు దాటితే తిరుపతి. అందుకని వీసాకి ఏమేం కాగితాలు కావాలో రాసుకుని ఆయన ముందు పెట్టాను. మనిషికి తొంభై యూరోల రుసుము, బీమా, ఆదాయపు పన్ను కాగితాలు, బ్యాంకు ఖాతా పద్దులు.

"పద్దులు బ్యాంకువాళ్ళని అడగాలి" అన్నారు. వారం గడిచింది. "మేనేజరు లేడు" అన్నారు. ఇంకో వారం. "మోకాళ్ళు నొప్పులు, ఆ చలికి నేనాగలనా?" అన్నారు. నెలయ్యేసరికి నాకు అర్థమైపోయింది. అర్థమైపోయిందనుకున్నాను. ఈయనకి నాతో ఎక్కడికీ రావాలని లేదు. మా ఇద్దరి మధ్యా ఇన్నాళ్ళూ మాటలుగా ఉన్నది మా అమ్మాయే. అది 2024లో విమానమెక్కాక భోజనాల బల్ల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. పుటలకు పుటలు సంభాషణలు రాసేదాన్ని, "కూర ఎలా ఉంది?" తర్వాత రెండో వాక్యం నాకు తోచేది కాదు.

ఒకరోజు రాత్రి పట్టుదల వచ్చింది. హైడల్‌బర్గ్‌లో ఏముంది? ఒక నది, ఒక వంతెన, కొండమీద ఒక పాత కట్టడం, నడవడానికి ఒక బాట. అవి మనకి మూడు గంటల దూరంలో లేవూ! అమ్మాయి పట్టిక తిరగేసి దాని పక్కనే నేనొకటి వేశాను. నెకర్‌కి బదులు గోదావరి. కోటకి బదులు భద్రగిరి. తాత్వికుల బాటకి బదులు పర్ణశాల. "భద్రాచలం. రెండు రోజులు. ఇద్దరమే" అన్నాను. ఆయన నా మొహం చూసి ఏమనుకున్నారో, "ఊఁ" అన్నారు. ఇది ఒప్పుకున్న ఊఁ.

ఆ 'ఇద్దరమే'ని కాపాడుకోవడం ఉంది చూశారూ, సీతమ్మవారికి కూడా అన్ని కష్టాలు పడి ఉండవు. మొదట మా అత్తగారు. "రాముడి దగ్గరికి నన్ను వదిలేసి పోతారుటే? మా చిన్నతనంలో వంతెన కూడా లేదు, ఇవతలి ఒడ్డున దిగి పడవెక్కి దాటేవాళ్ళం" అన్నారు. నిజమే, ఆ వంతెన 1965లో గానీ రాలేదు. ఆమెకి ముక్కోటి ఏకాదశికి తీసుకెళ్తామని మాటిచ్చి ఒడ్డున పడ్డాను. తర్వాత ఆడపడుచు. పిల్లలకి సెలవులట, "కారు మాట్లాడుకుంటే అందరం సరిపోతాం వదినా" అంది. తర్వాత కాలనీ ఆడవాళ్ళు. వాళ్ళు ఏకంగా పధ్నాలుగు సీట్ల బండి మాట్లాడి, పారాయణం పుస్తకాలు కూడా లెక్క పెట్టేశారు. ఒకావిడైతే నా చెవిలో, "ఇంట్లో ఏమైనా సమస్యా?" అని అడిగింది. ఆఖరికి ఎవరూ రాలేదు గానీ అందరి కోరికలూ వచ్చాయి. ఎనిమిదిళ్ళకి లడ్డూలు, ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదరాలని స్వామివారి తలంబ్రాలు, అత్తగారికి అడవి కుంకుళ్ళు. జర్మనీవాళ్ళు ఆ చిన్న సంచీతో ఎలా పోతారో నాకిప్పుడు తెలిసింది. వాళ్ళకి తేవలసినవి ఉండవు.

శనివారం తెల్లవారకుండా బస్సెక్కాం. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్సులో 2023 డిసెంబరు నుంచీ ఆడవాళ్ళకి టికెట్టు లేదు గదా, ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు పుచ్చుకున్నాను. మావారికి పూర్తి టికెట్టు. "నీతో ప్రయాణం ఇంత చవకని తెలిస్తే ముందే వచ్చేవాణ్ణోయ్" అన్నారు. ఆయన నోట హాస్యం విని చాలాకాలమైంది. నేను కిటికీలోంచి తల తిప్పేసరికి ఆయన మళ్ళీ గంభీరంగా ఫోన్లో మిర్చి ధరలు చూస్తున్నారు.

తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం. పాల్వంచ దగ్గర నాకో సంగతి గుర్తొచ్చింది. పెళ్ళయిన పదహారో రోజున ఇదే దారిన పదకొండు మందిమి వెళ్ళాం. థర్మల్ కేంద్రం గోపురాలలోంచి తెల్లటి ఆవిరి లేస్తుంటే, "మబ్బులు ఇక్కడే తయారవుతాయా?" అని అడిగాను. ఆయన అరగంటసేపు నీళ్ళెలా చల్లబడతాయో, ఆవిరెందుకు వస్తుందో చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఈ మనిషి నాతో జీవితమంతా ఇలా మాట్లాడతాడు గదా అని సంతోషించాను. ఆ పాత గోపురాలు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. కొత్త కేంద్రాలవి ఉన్నాయి గానీ అవి నా మబ్బులు కావు. "అవి లేవండీ" అన్నాను. "ఏవి?" అన్నారు.

పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. టేకు ఆకులు ఎండి జల్లెళ్ళలా ఉన్నాయి. మధ్యమధ్య జామాయిల్ తోటలు. ఆ కర్రే లారీలకెత్తి సారపాక కాగితం కంపెనీకి పోతుంది. నా నవలలు అచ్చయ్యేది ఏ చెట్టు మీదో గదా అని కాసేపు సిగ్గుపడి, వంతెన రాగానే మర్చిపోయి దణ్ణం పెట్టుకున్నాను.

గుడి గురించి మీకు నేను చెప్పేదేముంది? అయినా ఒక్క మాట. అన్నిచోట్లా రాముడి పక్కన సీత నిలబడి ఉంటుంది. ఇక్కడ ఎడమ తొడమీద కూర్చుని ఉంటుంది. ఇంతకంటే దంపతుల ఊరు ఇంకేం కావాలి! రోజూ కళ్యాణం జరుగుతుంది. మేం దాని ముందు కూర్చున్నాం. పక్కన కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. ఆ పిల్ల చెవిలో అతను ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు ఆ పిల్లని పిలిచి, "అమ్మా, ఆ మాటలు కాస్త పొదుపుగా వాడుకోండి, పాతికేళ్ళు రావాలి" అని చెప్పాలనిపించింది.

ప్రసాదాల వరసలో నిలబడ్డప్పుడు రామదాసు సంగతి వచ్చింది. మన జిల్లావాడే గదా, నేలకొండపల్లి కంచర్ల గోపన్న. పాల్వంచ పరగణాకి తహసీలుదారు. తానీషా ప్రభువు ఖజానాకి చేరవలసిన శిస్తు డబ్బు ఆరు లక్షలు గుడికీ, నగలకీ ఖర్చుపెట్టి, గోల్కొండలో పన్నెండేళ్ళు చెరసాలలో ఉన్నాడు. చివరికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకి అప్పు తీర్చారని కథ. "ఎంత ధైర్యమండీ, ఒక్కమాట చెప్పకుండా!" అన్నాను. మావారు నా వైపు అదోలా చూశారు. "మంచిపనికే గదా పెట్టాడు" అన్నారు. "మంచిపనే. అయినా చెప్పాలిగా!" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. లడ్డూలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

సాయంత్రం కరకట్ట దాటి స్నానఘట్టాల మెట్ల మీద కూర్చున్నాం. డిసెంబరు గోదావరి కదా, వంతెన కింద ఒదిగి పారుతోంది. ఇసుక తిన్నెలు పైకి తేలాయి. ఈ మెట్ల దగ్గరే 1986 ఆగస్టులో నీళ్ళు 75.6 అడుగులకొచ్చాయి. మొన్న 2022 జూలైలో 71.3. ఆ వారం మేమంతా టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నాం. "మొదటి హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48, మూడోది 53" అని మావారు చెప్పుకుపోతున్నారు. ఆయనకి అంకెలు నోటికి వచ్చు. నేను కొత్త ఇల్లు ఎత్తుకున్నాను.

కొత్త ఇల్లంటే కట్టిన ఇల్లు కాదు. వైరా రోడ్డు వైపు మాకు రెండు వందల గజాల జాగా ఉంది. అందులో నాకు రాసుకోవడానికి ఒక గది. ఇరవై ఏళ్ళుగా భోజనాల బల్ల మీద, అన్నం గిన్నె జరిపి రాస్తున్నాను. అందుకని ఆ గదిని నేను మనసులో కట్టుకున్నాను. తూర్పు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్లకి తాళం వేసుకునే సొరుగు. ఎప్పుడు చెప్పినా ఆయన ఊఁ అంటారు. ఆ సాయంత్రం కిటికీ పక్కన పొగడచెట్టు వేద్దామని చెబుతున్నాను.

"ఆ జాగా లేదోయ్" అన్నారాయన.

నేను నదివైపు చూస్తూనే, "ఏ జాగా?" అన్నాను.

అమ్మాయి వీసాకి 2024లో అక్కడి నియమం ప్రకారం ఏడాది ఖర్చు ముందే ఖాతాలో వేసి చూపించాలన్నారు. 11,208 యూరోలు, మన డబ్బులో పది లక్షల పైమాట. అది బ్యాంకు అప్పు తెచ్చానని నాతో చెప్పారు. అప్పు పుట్టలేదట. అప్పటికే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మీద అప్పులున్నాయి. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన తేజ మిర్చి తర్వాత దిగుతూ వచ్చింది. ఇవాళ కాకపోతే రేపు పెరుగుతుందని ఆపారు. 2025కి ఇంకా పడిపోయింది. జాగా అమ్మి సగం అమ్మాయికి, సగం అప్పులకి. ఇంకా కొంత మిగిలింది. ఖాతా పద్దులు వీసాకి చూపిస్తే అన్నీ బయటపడతాయి. మోకాళ్ళ నొప్పుల కథ అదీ.

ఇదంతా ఆయన నీళ్ళతో చెప్పారు. నా మొహం చూడలేదు.

నాకు కోపం జాగా మీద రాలేదంటే మీరు నమ్ముతారా? అమ్మాయి చదువుకే గదా పోయింది, పోనీ. ఏడాదిన్నరపాటు నేను లేని గదికి కిటికీలు పెడుతుంటే, రంగులు వేస్తుంటే, ఈయన పక్కన కూర్చుని ఊఁ కొట్టారు చూడండి, అది! నా నిఘంటువంతా తప్పుల తడక అని తేలిపోయింది. ఆ ఊఁలలో ఒక్కదానికీ నేను రాసుకున్న అర్థం లేదు.

"గోదావరి నయం" అన్నాను చాలాసేపటికి. "నలభై మూడు అడుగులకే మొదటి హెచ్చరిక ఇస్తుంది. మీరు డెబ్బై అయిదు దాకా చప్పుడు చెయ్యలేదు."

ఆయన తల వంచుకున్నారు. ఆ రాత్రి గదిలో ఇద్దరం చెరోవైపు తిరిగి పడుకున్నాం. ఇంట్లో అయితే నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని, అత్తగారి గదిలో పడుకునేదాన్ని, ఆయన యార్డుకి పోయేవారు. ఇక్కడ ఎక్కడికి పోతాం? ఒకటే గది, ఒకటే తాళంచెవి. ఇద్దరే వెళ్ళడంలో ఉన్న చిక్కు అమ్మాయి పట్టికలో రాయలేదు.

పొద్దున్నే పాపికొండలు వెళ్దామని మొదట అనుకున్నాం గానీ పోచవరం వెళ్ళి లాంచీ ఎక్కి తిరిగి రావాలంటే రోజు చాలదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచీ మావారికి ఆ పేరంటేనే భయం. ఆటో మాట్లాడుకుని దుమ్ముగూడెం దారిన పర్ణశాలకి బయల్దేరాం. ముప్పై అయిదు కిలోమీటర్లు. ఆటో అంతటి ఇరుకులోనూ ఇద్దరి మధ్యా లడ్డూల సంచీ పెట్టాను.

పర్ణశాలలో ఆకుల పాక, దానిముందు బొమ్మలు, మాయలేడి. సీతవాగులో రాళ్ళమీద రంగు చారలు చూపించి, సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని చెబుతారు. రాజ్యం పోయినవాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు, ఆకులు కప్పుకుని ఇక్కడ ఉన్నారు. రాజ్యం పోయిన సంగతి రాముడు సీతకి ఆ రోజే వచ్చి చెప్పాడు. ఏడాదిన్నర ఆగలేదు. ఇది పైకే అనేశాను.

మావారు పాకలో బొమ్మల వైపు చూస్తూ నిలబడ్డారు. నెమ్మదిగా అన్నారు గదా, "చూశావటోయ్, వీళ్ళకీ ఇద్దరే రావడం కుదరలేదు. మరిదిని వెంటేసుకునే వచ్చారు."

కోపంలో నవ్వకూడదని ఎంత పళ్ళు బిగించినా నవ్వొచ్చేసింది. పక్కనున్న గైడు కూడా నవ్వాడు. పాపం, రోజూ కథ చెప్పే మనిషి, ఆయనకీ ఇది తోచినట్టు లేదు.

వాగు గట్టున ఒక రాయి మీద కూర్చున్నాం. దారి వర్ణనలు రాసుకుందామని నేనొక నోటుపుస్తకం తెచ్చుకున్నాను. పాల్వంచ దగ్గర టేకు ఆకులు జల్లెళ్ళలా ఉన్నాయని ఒక్క వాక్యం రాశాను అప్పటికి. పేజీ తిప్పి, "చెప్పండి" అన్నాను.

"ఏమిటి?"

"తానీషా ప్రభువు లెక్కలు అడుగుతోంది. ఎవరికెంత?"

ఆయన చెబుతుంటే నేను రాశాను. బ్యాంకుకి ఇంత, కోల్డ్ స్టోరేజీకి ఇంత, బావగారికి ఇంత. బావగారి దగ్గర తీసుకున్నట్టు మా ఆడపడుచుకి తెలుసట! నాకు తెలియదు! అక్కడ ఇంకోసారి దెబ్బలాడుకున్నాం. మళ్ళీ రాశాను. రైతులకు అడ్వాన్సులిచ్చి రానివి ఇంత. అరగంట, గంట, ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. జెండా పాట ఎలా పాడతారో, ఏ ధర దగ్గర గుండె జారిందో, ఏ రాత్రి నిద్రపట్టక లేచి వరండాలో కూర్చున్నారో. ఆ రాత్రి నాకు గుర్తుంది. దోమలు లోపలికి వస్తున్నాయని లోపలి నుంచే కేకేశాను. ఒక కోయ అమ్మాయి అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని వాగు దాటుతూ, లెక్కలు రాసుకుంటున్న మమ్మల్ని చూసి, ఏ సర్వేకో వచ్చినవాళ్ళమనుకుని, "మాకేమైనా వస్తదా అమ్మా?" అని అడిగింది. ఒక లడ్డూ ఇచ్చాం. ఎనిమిదిళ్ళలో ఒక ఇంటికి తగ్గింది.

తిరుగు బస్సులో కిన్నెరసాని మలుపు దగ్గర విశ్వనాథవారి కిన్నెరసాని కథ చెప్పాను. అత్తగారి పోరు పడలేక కోడలు అడవికి పోయి నీరైపోవడం, మొగుడు రాయైపోవడం. "అతనేమైనా చెప్పి ఉంటే ఆమె నీరయ్యేది కాదేమో" అన్నాను. "రాళ్ళు మాట్లాడవుగదోయ్" అన్నారు, కళ్ళు మూసుకునే. కొత్తగూడెం దాటేసరికి ఆయన తల నా భుజం మీదికి వాలింది. చొక్కాకి మిర్చి ఘాటు లేదు. రెండు రోజులకే పోయింది.

ఇల్లు చేరేసరికి అత్తగారు సంచీ విప్పి లడ్డూలు లెక్కపెట్టి, "తలంబ్రాలేవే?" అన్నారు. మర్చిపోయాం.

రాత్రి అమ్మాయి ఫోను. "చేతిలో చెయ్యి వేసుకుని నడిచారా?" అని మొదటి ప్రశ్న. "చేతిలో నోటుపుస్తకం ఉందే" అన్నాను. దానికి అర్థం కాలేదు, మేమూ చెప్పలేదు. దాని హైడల్‌బర్గ్ పట్టిక మాత్రం ఫోన్లోంచి చూసి అదే పుస్తకంలో, అప్పుల పేజీ వెనక ఎక్కించాను. మావారు కళ్ళజోడు పెట్టుకుని పైన తేదీ దగ్గర 'డిసెంబరు 2027' అని రాశారు. పక్కన ప్రశ్నార్థకం నేను పెట్టాను.